సగటులో కలిపేసిన పదకొండు మంది

ముప్పై ఏళ్ళకు పైగా ఒక తప్పు మోస్తున్నాను. మోయడం అంటే మీరేదో పెద్దది ఊహించుకుంటారేమో. చూడడానికి అది చాలా చిన్నది. టైపు చేసిన కాగితం మీద ఒక అంకె, దాని పక్కన ఒక చుక్క, చుక్క తర్వాత ఇంకో రెండు అంకెలు. నేను ఎవరినీ కొట్టలేదు. ఎవరి సొమ్మూ తినలేదు. ఒక కూడిక చేశాను, ఒక భాగహారం చేశాను. రెండూ సరిగ్గానే చేశాను. ఈనాటికి ఎవరు ఆ లెక్క మళ్ళీ వేసినా అదే జవాబు వస్తుంది. అందుకే ఇన్నాళ్ళూ నన్ను ఎవరూ పట్టుకోలేదు.

మా ఇంట్లో ఈ సంగతి ఎవరికీ తెలియదు. మా ఆయనకు చెప్పలేదు. మీకు చెబుతున్నానంటే మీరెవరో నాకు తెలియదు కాబట్టి. తెలిసినవాళ్ళకు చెబితే వెంటనే క్షమించేస్తారు. "పోనీలే, చిన్న ఉద్యోగస్తురాలివి, నువ్వు మాత్రం ఏం చేస్తావు" అంటారు. ఆ మాట నాకు వద్దు. ఇంకొకటి కూడా ముందే చెప్పాలి. నేను రాసేదాన్ని నమ్మేస్తూ చదవకండి. నాకు అనుకూలంగా ఎక్కడ ఒరుగుతున్నానో చూస్తూ చదవండి. నేనైతే అలాగే చదువుతాను.

నాది పుట్టుకతోనే అనుమానపు బుద్ధి. మా నాన్న రైల్వేలో సామాను సరిచూసే ఉద్యోగి. పెట్టె తెరిచి చూడనిదే సంతకం పెట్టేవాడు కాదు. గుంటూరు వైపు నుంచి బదిలీ మీద వచ్చి, ఉప్పల్‌లో రెండు గదుల ఇల్లు కట్టుకుని స్థిరపడ్డాడు. ఆయన బుద్ధే నాకొచ్చింది. కూరల బండి దగ్గర నా కళ్ళు కూరల మీద ఉండవు, తక్కెడ పట్టుకున్న వేలి మీద ఉంటాయి. "నీకు సంబంధం చూస్తే పెళ్ళికొడుకు పళ్ళు లెక్కపెట్టి మరీ తాళి కట్టించుకుంటావే" అని మా అమ్మ ఎగతాళి చేసేది. నేను నవ్వేదాన్ని. ఆ మాట నాకు పొగడ్తలా వినిపించేది.

గణాంకశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసి, ఎనభైల చివర్లో ఒక సర్కారు సంస్థలో లెక్కల సహాయకురాలిగా చేరాను. ఆఫీసు ఉప్పల్‌లోనే, ఒక అద్దె మేడలో మొదటి అంతస్తు. అనుమానానికి జీతమిచ్చే ఉద్యోగం అది. మనుషులు చెప్పింది రాసుకోవాలి, రాసుకున్నది నిజమో కాదో తరచి చూడాలి. నాకు బాగా నప్పింది.

చేరిన ఏడాదిలోపే నాచారం పారిశ్రామికవాడలోని ఒక చిన్న ఫ్యాక్టరీకి సర్వేకు పంపారు. పాత దూదినీ నూలు చిక్కులనీ మిషన్లలో వేసి ఏకి, పరుపులు కుట్టే చోటు అది. నలభై మందికి కాస్త పైన పనిచేసేవాళ్ళు. దూది ఏకే గదిని వాళ్ళు దుమ్ము రూము అనేవాళ్ళు. అందులో పదకొండు మంది ఆడవాళ్ళు. లోపలికి తొంగిచూస్తే మనుషులు ముందు కనబడరు, వాళ్ళ తలగుడ్డలు కనబడతాయి. పనివాళ్ళకు ఊపిరి ఎలా ఉందో తేల్చమని మాకు చెప్పారు. మా రిపోర్టును బట్టి రెండు సంగతులు తేలాలి. ఆ గదికి దుమ్ము లాగే ఫ్యాన్లు పెట్టించాలా వద్దా? ఆ పదకొండు మందినీ వంతుల ప్రకారం వేరే గదులకు మార్చాలా వద్దా?

ఫారం నేనే తయారుచేశాను. ఆయాసానికి ఐదు మెట్లు పెట్టాను. ఆయాసమే లేకపోతే సున్నా. మెట్లెక్కితే వస్తే ఒకటి. తోటివాళ్ళతో సమానంగా నడవలేక వెనకబడితే రెండు. చదునైన దారిలో కూడా కొంత దూరానికే ఆగాల్సివస్తే మూడు. చీర కట్టుకుంటున్నా ఆయాసమొస్తే నాలుగు.

ఇక్కడ ఒక్క నిమిషం నన్ను పంతులమ్మ వేషం వేయనివ్వండి. ఇది అర్థం కాకపోతే నేను చేసింది తప్పు అని కూడా మీకు తెలియదు. తెలియకపోతే నాకే మేలు, అందుకే చెప్పి తీరాలి.

అంకె కనబడగానే కూడేయడం మనుషులకు అలవాటు. కానీ అంకెలన్నీ ఒక జాతివి కావు. బస్సు నంబరు ఉందనుకోండి, అది బస్సుకు పెట్టిన పేరు. ఉప్పల్ బస్సు నంబరూ అంబర్‌పేట్ బస్సు నంబరూ కూడి సగం చేస్తే, ఆ నంబరు బస్సు మిమ్మల్ని ఎక్కడికీ తీసుకుపోదు. దీన్ని నామమాత్రపు కొలత అంటాం. కిరోసిన్ క్యూలో నిలబడ్డవాళ్ళ వరసది ఇంకో రకం. ఎవరు ముందో ఎవరు వెనకో చెబుతుంది, మధ్యలో ఎంత ఎడముందో చెప్పదు. మొదటి మనిషికీ రెండో మనిషికీ మధ్య జానెడు ఉండొచ్చు, రెండుకీ మూడుకీ మధ్య బారెడు ఉండొచ్చు. అది క్రమపు కొలత. జ్వరం చూసే థర్మామీటరులో గీతల మధ్య ఎడం సమానం, కానీ ఆ డిగ్రీల లెక్కలో సున్నాకు వేడి లేదని అర్థం కాదు. అది అంతరపు కొలత. బియ్యం తూకం అన్నిటికన్నా నిజాయితీ గలది. సున్నా అంటే గింజ లేదు, నాలుగు కిలోలంటే రెండు కిలోలకు రెట్టింపు. అది నిష్పత్తి కొలత. బియ్యాన్ని కూడుకోండి, పంచుకోండి, సగటు తీసుకోండి, ఎవరూ అడ్డుపడరు.

ఆయాసపు మెట్లు కిరోసిన్ క్యూ జాతివి. నాలుగు అంటే రెండుకు రెట్టింపు కాదు. మూడుకీ నాలుగుకీ మధ్య ఎంత లోయ ఉందో ఎవరికీ తెలియదు, దిగినవాళ్ళకు తప్ప. వాటికి సగటు తీయకూడదు. క్రమపు అంకెలకు మధ్యస్థం చెప్పుకోవచ్చు అని పుస్తకాల్లో ఉంటుంది, అంటే అందరినీ వరసలో నిలబెట్టి నడిమి మనిషిని చూడడం. ఇక్కడ అదీ పనికిరాదు. గేటు దగ్గరివాళ్ళు, గోడౌనువాళ్ళు, కుట్టేవాళ్ళు ఎక్కువమంది, నడిమి మనిషి కూడా సున్నా దగ్గరే నిలబడతాడు. చేయాల్సింది ఒకటే. ఏ గదిలో, ఏ మెట్టు మీద, ఎంతమంది ఉన్నారో విడివిడిగా రాయడం. ఇదంతా నాకు తెలుసు. ఎంత తెలుసంటే, నా కింద పనిచేసే సర్వే మనుషులు పొరబడకుండా ఫారం అడుగున నా చేత్తోనే రాసిపెట్టాను. "ఈ అంకెలు మెట్లు మాత్రమే. కూడరాదు. సగటు తీయరాదు."

దుమ్ము రూము ఆడవాళ్ళను నేనే అడిగి రాసుకున్నాను. మొదట ఎలీశమ్మ వచ్చింది. భువనగిరి వైపు పల్లె నుంచి వచ్చి స్థిరపడిన క్రైస్తవ కుటుంబం. నలభై ఏళ్ళ పైమాటే, ఆ గదిలో అందరికన్నా పాతది. చీర కట్టుకుంటుంటే ఆయాసమొస్తుందా అంటే తలూపింది. నడిచేటప్పుడు ఎలా ఉంటుందంటే ఒక మాట చెప్పింది. "కల్వర్టు కాడికి రాంగనే దమ్మొస్తది, గాడ్నే కూసుంట." నాలుగు వేశాను. తర్వాత ఇంకొకామె వచ్చింది. ఆమె కూడా కల్వర్టు కాడికి రాంగనే దమ్మొస్తది, గాడ్నే కూసుంట అంది. మూడో ఆమె అదే అంది. నాలుగో ఆమె కూడా. సుజాత అని ఇరవై దాటని పిల్ల ఒకతి, చేరి ఏడాదయింది, ఆ పిల్ల కూడా ఒక్క ముక్క తేడా లేకుండా అదే చెప్పింది. పదకొండు మందీ. అందరికీ మూళ్ళు, నాలుగులు.

నాకు చెవులు నిక్కాయి. పదకొండు నోళ్ళ నుంచి ఒకే వాక్యం ఎలా వస్తుంది? ఎవరో కూర్చోబెట్టి వల్లె వేయించారు. ఎలీశమ్మే అయి ఉంటుంది, అందరూ ఆమె ముఖం చూసి లోపలికి వస్తున్నారు. గది మారాలనుకుంటున్నారు, అందుకని నాటకం. వాళ్ళ మాట తీరు నాకు పూర్తిగా పట్టుబడలేదు అప్పటికి. అర్థం కానిదాన్ని అబద్ధం అనుకోవడం సులువు. పక్కన చిన్న అక్షరాలతో "నేర్పిన జవాబులా ఉంది" అని రాసుకున్నాను. రాసుకుంటుంటే నాకు గర్వంగా కూడా అనిపించింది. ఈ గర్వం సంగతి గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే నేను మర్చిపోవాలని చాలా ప్రయత్నించాను.

నిజంగా అనుమానం వచ్చినవాళ్ళు ఏం చేస్తారు? వెళ్ళి చూస్తారు. మా నాన్న అయితే పెట్టె తెరిచేవాడు. కల్వర్టు ఎక్కడుందని అడిగేవాడు, పనివేళ అయ్యాక వాళ్ళ వెనక నాలుగడుగులు నడిచేవాడు. నేను ఫారాలు సంచీలో పెట్టుకుని బస్సెక్కాను.

నా పై అధికారి, మా సార్, చెడ్డవాడు కాదు. ఆయన మీదికి నెట్టేయడానికి చాలాసార్లు చూశాను, కుదరలేదు. ఆయన మీటింగులో కూర్చుని చెప్పాలి, మీటింగులో ఎవరికీ పట్టికలు చదివే ఓపిక ఉండదు. ఒక్క నంబరు కావాలన్నాడు. రెండు దాటితే ఫ్యాన్లకు సిఫారసు చేద్దాం, దాటకపోతే ఇంకో ఏడాది చూద్దాం అన్నాడు. ఆ ముక్క నోటితో అనేశాడు, ఎక్కడా రాయలేదు. నేను అప్పుడు అనాల్సిన మాట ఒకటుంది. "సార్, ఈ అంకెలకు సగటు ఉండదు." ఇంతే. ఇంటి దగ్గర అద్దం ముందు నాలుగు రకాలుగా అనుకుని కూడా చూశాను. ఆయన గదిలోకి వెళ్ళాక, అలాగే సార్ అన్నాను. నా ఉద్యోగం పక్కా కావడానికి ఆయన సంతకం అప్పటికింకా పడలేదు. ఇది సాకు అని మీకు అనిపిస్తే సరిగ్గానే అనిపించింది. ఆయన ఎవరి మీదా పగబట్టే రకం కాదు.

అంకెలన్నీ కూడేశాను. భాగించాను. ఒకటికి పిసరంత పైన వచ్చింది.

ఒకటి అంటే మెట్లెక్కితే ఆయాసం. మెట్లెక్కితే ఎవరికి రాదు? నాకూ వస్తుంది. సున్నాల వాళ్ళు ముప్పై మంది, మూళ్ళు నాలుగుల వాళ్ళు పదకొండు మంది. అందరినీ ఒక గిన్నెలో వేసి కలిపితే తిలాపాపం తలా పిడికెడు అయింది. ఆ ఫ్యాక్టరీలో ఒకటికి పిసరంత పైన ఉన్న మనిషి ఒక్కరూ లేరు. నేను పుట్టించాను ఆ మనిషిని.

అంతటితో ఆగలేదు. గదులవారీ పట్టిక ఒకటి నేనే వేసిపెట్టుకున్నాను, అందులో దుమ్ము రూము వరస చూస్తే గుడ్డివాడికైనా తెలిసిపోతుంది. ఆ పట్టిక తీసేశాను. ఫారం అడుగున నేను రాసిన హెచ్చరికను రిపోర్టులో చేర్చాలి కదా, దాన్ని ఎర్ర సిరాతో కొట్టేశాను. సగటు తీయడం పొరపాటు అనుకున్నా అనుకోవచ్చు. కొట్టివేత పొరపాటు కాదు. పొరపాటున ఎవరి చెయ్యీ అంత తిన్నగా గీత గీయదు.

రిపోర్టు టైపుకు వెళ్ళిన వారంలోనే నేను వాళ్ళను చూశాను. వేరే పని మీద నాచారం వెళ్ళి సాయంత్రం బస్సులో వస్తున్నాను. కిటికీ పక్కన సీటు. రోడ్డు కింద నుంచి మురుగు కాలువ పోయే చోట రెండు వైపులా మోకాలెత్తు సిమెంటు గోడలున్నాయి. ఆ కల్వర్టు గోడ మీద ఆడవాళ్ళు వరసగా కూర్చుని ఉన్నారు. తలగుడ్డలు విప్పి ఒళ్ళో పెట్టుకున్నారు. ఎవరూ మాట్లాడుకోవడం లేదు. పదకొండు మంది ఆడవాళ్ళు ఒకచోట కూర్చుని మాట్లాడుకోకపోవడం మీరెప్పుడైనా చూశారా? నోళ్ళు తెరిచి ఉన్నాయి, భుజాలు పైకీ కిందికీ పోతున్నాయి. సుజాత ముందుకు వంగి మోకాళ్ళు పట్టుకుని ఉంది, ఎలీశమ్మ ఆ పిల్ల వీపు రాస్తోంది.

ముంజేతి కంకణానికి అద్దమెందుకు అంటారు. నాకు అద్దం కూడా దొరికింది. అయినా నేను ఏమనుకున్నానో చెబితే మీకు నవ్వొస్తుంది. నేను ఈ బస్సులో వస్తానని వీళ్ళకు ముందే తెలుసా అనుకున్నాను. నాకోసం కూర్చున్నారా అనుకున్నాను. బస్సు దాటిపోయాక మెడ తిప్పి మరీ చూశాను, నేను వెళ్ళిపోగానే లేచి గబగబా నడుస్తారేమోనని. ఎవరూ లేవలేదు. ఇల్లు చేరేదాకా ఆ అనుమానాన్ని గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. వదిలితే ఏం చేయాల్సివస్తుందో నాకు తెలుసు.

ఫ్యాక్టరీ యజమానులకు ముందుగా ఒక సారాంశం పంపడం మా దగ్గర పద్ధతి. వాళ్ళేమైనా అభ్యంతరం చెబితే విని, ఆ తర్వాత అసలు రిపోర్టు మీద సార్ సంతకం పెట్టి పైకి పంపుతాం. వాళ్ళకు అభ్యంతరం ఎందుకుంటుంది? సంతోషంగా గేటు పక్కన నోటీసు అంటించారట, ఫ్యాక్టరీలో సగటు ఆయాసం ఒకటి, అంటే స్వల్పం అని. ఆ కాగితం పట్టుకుని ఒక శనివారం పొద్దున ఎలీశమ్మ మా ఆఫీసుకు వచ్చింది.

ఆమె వచ్చేసరికి గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను. ముందు మెట్ల మీద చప్పుడు వినిపించింది. నాలుగడుగుల చప్పుడు, తర్వాత ఏమీ లేదు. మళ్ళీ నాలుగడుగులు. ఎవరో బరువు మోసుకొస్తున్నారనుకున్నాను. తలుపు దగ్గర ఆమె ఒట్టి చేతులతో నిలబడింది, చేతిలో మడిచిన కాగితం తప్ప ఏమీ లేదు. మాట రావడానికి చాలాసేపు పట్టింది. నేను కూర్చోమనలేదు. నాకంటే పదిహేనేళ్ళు పెద్దది, నువ్వు అని పిలిచాను.

"ఇక్కడిదాకా ఎందుకొచ్చావు?" అన్నాను.

"అడుగుదామని వచ్చిన మేడం. గీ కాగితం మా పాస్టరమ్మ సదివి చెప్పింది. నాకు నాలుగు ఏసిన్రు గదా, మీరు రాస్తుంటె నేనే సూసిన. గేటు కాడి రాములన్నకు సున్నా ఏసిన్రు. మంచిగనే ఏసిన్రు, ఆయనకేం లేదు. మరి ఇండ్ల ఒకటని ఉన్నది. గా ఒకటి ఎవరిది?"

"అది సగటు. అందరివీ కలిపి, అందరికీ సమానంగా పంచితే వచ్చేది."

ఆమె కొంచెం ఆలోచించింది. వెటకారం లేదు ఆ ముఖంలో. నేను వెతికాను, లేదు.

"నా దమ్ము తీస్కపోయి రాములన్నకు ఎట్ల పంచిన్రు మేడం? ఆయనకు పోలే. నాకు తగ్గలే."

ఎమ్మెస్సీలో నాకు ఈ పాఠం చెప్పడానికి మా లెక్చరర్‌కు నెల పట్టింది. ఆమె ఒక్క ముక్కలో చెప్పింది. అప్పుడు నేను తల వంచాల్సింది. దానికి బదులు, మనసులో దాచుకున్న ప్రశ్న బయటపెట్టాను.

"అది సరే. మీ అందరికీ ఆ జవాబు ఎవరు నేర్పారు? పదకొండు మందీ ఒకే మాట చెప్పారు. కల్వర్టు, కల్వర్టు అని."

ఆమెకు నేనేం అడుగుతున్నానో ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక కోపం వస్తుందనుకున్నాను. రాలేదు.

"నేర్పుడేంది మేడం? పదకొండు మందిమి ఒక్క రూముల పని జేస్తం. ఒక్క తొవ్వల నడుస్తం. మాట యేరే యేరే ఎట్లొస్తది?"

ఆమే మళ్ళీ అంది. "జర మళ్ళ రాయున్రి మేడం. నాకోసం గాదు. నాదేమో అయిపాయె. మా సుజాత శిన్న పిల్ల, దానికింక మూడే ఉన్నది. ఇప్పుడు గనుక దాన్ని గా రూములకెల్లి తీస్తె బాగుపడ్తది."

"రిపోర్టు పైకి వెళ్ళిపోయింది. ఇక నా చేతుల్లో ఏం లేదు," అన్నాను.

ఆమె కాగితాన్ని మళ్ళీ అవే మడతల మీద మడిచి జాకెట్టులో పెట్టుకుంది. "సరే మేడం, ఫికర్ జేయకున్రి" అంది. నన్నే ఓదార్చింది. దిగి వెళ్ళింది. దిగేటప్పుడు కూడా రెండుసార్లు ఆగింది. దిగడానికి ఎవరైనా ఆగుతారా? ఆ ఆగిన చోటల్లా నేను వింటూ కూర్చున్నాను.

రిపోర్టు పైకి వెళ్ళలేదు. నా బల్ల సొరుగులో ఉంది. నా మోకాలు ఆ సొరుగుకు ఆనుకునే ఉంది. సార్ సంతకం ఇంకా పడలేదు, సోమవారం పెడతానన్నాడు. రెండు రోజుల టైము ఉంది. ఒక పట్టిక చేర్చడానికి, ఒక వాక్యం మళ్ళీ రాయడానికి ఒక పూట చాలు. టైపు చేసే అతను ఆదివారం కూడా పిలిస్తే వచ్చేవాడు. సోమవారం నేనే సొరుగు తెరిచి, ఫైలు సార్ ముందు పెట్టి, సంతకం చేయాల్సిన చోట వేలు పెట్టి చూపించాను.

ఫ్యాన్లు రాలేదు. గదులు మారలేదు. ఇంకో ఏడాది చూద్దామన్న ఆ ఏడాది ఎవరూ చూడలేదు. నా ఉద్యోగం పక్కా అయింది. తర్వాత రెండేళ్ళలో ఆ పదకొండు మందిలో చాలామంది ఒకరి తర్వాత ఒకరు పని మానేశారని తెలిసింది. వాళ్ళ స్థానంలో కొత్తవాళ్ళు వచ్చి ఉంటారు. కొత్తవాళ్ళకు ఎవరూ అంకెలు వేయలేదు.

గేటు రాములు ఒకసారి ఉప్పల్ రింగురోడ్డు దగ్గర కనబడ్డాడు. ఎలీశమ్మ పని మానేసి చెంగిచెర్లలో అక్క దగ్గరికి పోయిందనీ, దవాఖానా చుట్టూ తిరిగి తిరిగి చనిపోయిందనీ చెప్పాడు. మామూలుగానే చెప్పాడు, టీ తాగుతూ. నేను అతని ముఖం వంక అనుమానంగా చూశాను. నా ముఖం ఎలా మారుతుందో చూద్దామని చెబుతున్నాడా? వీడికి తెలుసా? ఎలీశమ్మ వీడికి అంతా చెప్పిందా? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఎప్పుడు పోయింది, ఏ జబ్బు, అంతకుముందు కూడా ఉండేదేమో కదా అని నాలుగు ప్రశ్నలు వేశాను. అతను పాపం అన్నింటికీ ఓపిగ్గా జవాబు చెప్పి, టీ గ్లాసు పెట్టేసి పోయాడు.

అప్పటి నుంచి అందరూ నాకు తెలిసినవాళ్ళలాగే కనబడసాగారు. ఆఫీసులో ఇద్దరు గుసగుసలాడుకుంటే నా ఫైలు గురించే అనుకునేదాన్ని. కొత్త అధికారి ఎవరొచ్చినా పాత రిపోర్టులు తిరగేస్తాడేమోనని బీరువా తాళం నా దగ్గరే ఉంచుకునేదాన్ని. మా అమ్మాయి కాలేజీలో గణాంకాలు తీసుకుని, ఒకరోజు సగటు గురించి ఏదో సందేహం అడిగింది. దీన్ని ఎవరు పంపారు అనుకున్నాను. నా కూతురిని. చెప్పాల్సిన నాలుగు రకాల కొలతలూ చక్కగా చెప్పాను. బస్సు నంబరు, కిరోసిన్ క్యూ, థర్మామీటరు, బియ్యం. ఎంత బాగా చెప్పావమ్మా అంది.

సుజాతను తొంభైల మధ్యలో చూశాను. ఉప్పల్ బస్‌స్టాపులో. ముప్పై కూడా నిండి ఉండవు. బస్సు వచ్చింది, అందరూ పరిగెత్తారు, ఆమె పరిగెత్తలేదు. స్తంభం పట్టుకుని నిలబడి, బస్సు వెళ్ళిపోవడం చూసింది. చెంగు సర్దుకోవడానికి చెయ్యెత్తి, సగంలో ఆగి, ఊపిరి తీసుకుని, మళ్ళీ ఎత్తింది. నా మనసు నా ప్రమేయం లేకుండా అంకె వేసేసింది. నాలుగు. నేను రోడ్డు దాటి అవతలి వైపుకు వెళ్ళిపోయి ఆటో ఎక్కాను. ఆమె నన్ను గుర్తుపట్టిందో లేదో తెలియదు. గుర్తుపట్టలేదని నమ్మాలని ఉంటుంది, నమ్మలేను.

ఇంతదాకా చదివాక, అనుమానపు మనిషి, అనుమానం వల్ల పొరబడింది, దానివల్ల కొందరికి అన్యాయం జరిగింది అని మీకు అనిపించి ఉంటుంది. నేను కూడా ముప్పై ఏళ్ళుగా నాకు అలాగే చెప్పుకున్నాను. ఇది రాయడం మొదలుపెట్టేటప్పుడు కూడా అలాగే రాద్దామనుకున్నాను. నా మాట నమ్మకండి అని మొదట్లోనే మిమ్మల్ని హెచ్చరించింది ఇందుకే కాబోలు.

నేను వాళ్ళను అనుమానించలేదు. అనుమానించినదాన్నయితే వెళ్ళి చూసేదాన్ని, తూకం రాయి ఎత్తి చూసినట్టు. వాళ్ళు అబద్ధాలకోర్లయితే నాకు పని తేలిక. సార్ గదిలోకి వెళ్ళి ఆ ఒక్క వాక్యం అనక్కర్లేదు. అందుకని వాళ్ళను అబద్ధాలకోర్లను చేసుకున్నాను. మెట్ల మీద ఆ మొదటి నాలుగడుగుల చప్పుడు ఆగినప్పుడే నాకు తెలుసు. నేర్పింది ఎవరు అని అడిగినప్పుడు ఆమె నిజం చెబుతోందని తెలుసు. తెలిసే అడిగాను. నా మోకాలికి సొరుగు తగులుతుండగా, తెలిసే, పైకి వెళ్ళిపోయిందని చెప్పాను.

ఈ ముక్క ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. నాకు కూడా చెప్పుకోలేదు. మిమ్మల్ని ఏమీ అడగడం లేదు, అడగడానికి మీరు ఎలీశమ్మ కారు. రాసేశాక మాత్రం ఊపిరి తేలిగ్గా ఆడుతోంది. ఆడకూడదు, అయినా ఆడుతోంది. ఇన్ని దాచినదాన్ని, అదొక్కటీ ఎందుకు దాచాలి?